నల్లమల దారిలో శ్రీశైలం నడక: సంచి, షూ, నీళ్లు, మజిలీలు

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి అడవి దారిన శ్రీశైలం నడవాలనుకుంటే ముందు తేదీ తేల్చుకోండి, సంచి సంగతి తర్వాత. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు, విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెళ్లి నడిచే దారి కాదు. శివరాత్రికీ ఉగాదికీ భక్తుల కోసం అటవీశాఖ దారి వదులుతుంది, మనం ఆ రోజుల్లోనే సర్దుకోవాలి. ఏ రోజు నుంచి ఏ రోజు వరకు వదులుతున్నారన్నది ఏటికేడు మారుతుంది కాబట్టి ఆత్మకూరులో తెలిసినవాళ్లను అడిగి, పేపర్లో జిల్లా పేజీ చూసి, ఆ తర్వాతే ఆఫీసులో లీవు పెట్టండి.

రెంటిలో ఏది మేలంటే, నడకకైతే శివరాత్రి. ఎండ ఇంకా ముదరదు, పొద్దున చల్లగా ఉంటుంది, కాకపోతే రాత్రి అడవిలో చలి కొరుకుతుంది కాబట్టి మందపాటి దుప్పటి బరువు కూడా మోయాలి. ఉగాదికి అంత మందపాటి దుప్పటి అక్కర్లేదు కానీ అప్పటికి మన కర్నూల్లో ఎండ నలభైకి దగ్గర పడుతుంది, నల్లమలలో ఆకు రాలిపోయి నీడ పలచబడుతుంది, మధ్యాహ్నం నడక అన్నమాటే పెట్టుకోకూడదు. అయినా నేను ఉగాదికే ఓటేస్తాను, ఎందుకంటే అప్పుడు దారంతా కన్నడం. రాయచూరు, బళ్లారి, బాగల్‌కోట వైపు నుంచి వేలమంది నడిచి వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడబిడ్డ, మల్లన్న అల్లుడు, పండక్కి బిడ్డను చూడ్డానికి వచ్చినట్టే వస్తారు. వాళ్లతో పాటు నడిస్తే కాళ్ల నొప్పి కొంత తెలియదు.

దూరం సుమారు నలభై కిలోమీటర్లు. బస్సులోనైతే ఆత్మకూరు నుంచి దోర్నాల తిరిగి ఘాట్ ఎక్కి పోవాలి, అది వంద దాటుతుంది. నలభై అనగానే "ఓస్, అంతేనా" అనే మనిషి ప్రతి గుంపులో ఒకడుంటాడు, మా గుంపులో మా బావ. ఆయన ట్రెక్కింగ్ వీడియోలు బాగా చూస్తాడు. ఆ వీడియోలన్నీ హిమాలయాలవి, అక్కడ మంచు, వాన, గాలి. వాటిని చూసి టెంటు, స్లీపింగ్ బ్యాగు, గ్యాస్ స్టవ్, మడత కుర్చీ (నిజంగా) సర్దుకున్నాడు. బయల్దేరడానికి వారం ముందు సంచిని వీధి చివర కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూచాం. నీళ్లు పోయకముందే పద్నాలుగు కిలోలు.

మామూలుగా చెప్పే లెక్క ఏమిటంటే, సంచి బరువు మనిషి బరువులో ఐదో వంతు దాటకూడదు. కొండలు అలవాటైనవాళ్ల లెక్క అది. ఈ దారికైతే నీళ్లతో కలిపి ఏడు కిలోల లోపే చాలు, ఎందుకంటే మజిలీల దగ్గర చలువ పందిళ్లు వేస్తారు, అన్నదానాలు ఉంటాయి, మందులిచ్చే శిబిరం ఉంటుంది. టెంటు అవసరమే రాదు. స్టవ్ అయితే అసలు తేకూడదు, ఎండిన అడవిలో నిప్పు పెట్టుకోవడం నేరం, బీడీ ముక్క పారేసినా కొండ అంటుకుంటుంది. బావ సంచిలోంచి ఒక్కో వస్తువు బయటికి తీస్తుంటే మా అక్క పక్కన నిలబడి "కుర్చీ మాత్రం పంపొద్దు, నాకు మిద్దె మీదికి కావాలి" అంది. చివరికి ఏం మిగిలిందంటే ముప్పై లీటర్ల సంచి, పలచటి ఫోమ్ చాప, దుప్పటి, పంచె, ఒక జత బట్టలు, టార్చి, దోమల క్రీము, మందుల పొట్లం, పవర్ బ్యాంకు. సంచికి నడుము బెల్టు ఉందో లేదో చూసి కొనండి. బరువు భుజాల మీద కాకుండా నడుము మీద పడాలి, కాలేజీ బ్యాగులతో అది కుదరదు. చాప, సంచి మేం హైదరాబాద్ పనిమీద వెళ్లినప్పుడు కొన్నాం, మిగతావన్నీ కర్నూలు వన్‌టౌన్ కొట్లలోనే దొరికాయి. సంచి పట్టీ కుట్లు ఊడుతున్నట్టుంటే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర నైలాన్ దారంతో కుట్టించండి, కంపెనీ కుట్టు కంటే గట్టిగా నిలుస్తుంది.

డబ్బు పెట్టాల్సింది కాళ్ల మీద. షూ అర సైజు పెద్దది తీసుకోవాలి, ఎండలో నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. సాయంత్రం పూట, నడవబోయే సాక్సు వేసుకుని వెళ్లి కొలత చూసుకోవాలి. కొత్త షూతో నేరుగా అడవికి పోవద్దు, కనీసం నెల రోజులు ఇంటా బయటా అవే తొడిగి మెత్తబరచాలి. నూలు సాక్సు చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది, ఆ తడి వల్ల చర్మం మెత్తబడి ఒరుసుకుని బొబ్బ లేస్తుంది, కాబట్టి త్వరగా ఆరే సింథటిక్ రకం రెండు మూడు జతలు పెట్టుకుని మధ్యాహ్నం ఆగినప్పుడు మార్చేయాలి. తీసిన జత సంచికి వేలాడగట్టుకుంటే నడుస్తుండగానే ఆరుతుంది. మడమ, చిటికెన వేలు, ఎక్కడ ఒరుసుకుంటుందని అనుమానముంటే అక్కడ బయల్దేరకముందే మెడికల్ షాపులో దొరికే గుడ్డ ప్లాస్టర్ అతికించుకోవాలి. బొబ్బ లేచాక అతికిస్తే పీకేటప్పుడు చర్మంతో సహా వస్తుంది. గోళ్లు రెండు మూడు రోజుల ముందే కత్తిరించుకోండి, దారి చివర్లో భీముని కొలను లోయలోకి దిగేటప్పుడు ఆ సంగతి అర్థమవుతుంది. తొడలు ఒరుసుకునేవాళ్లు కొబ్బరి నూనె చిన్న సీసా ఉంచుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ప్రాక్టీసుకి కర్నూలు చుట్టుపక్కల ఏది బాగుందంటే, జగన్నాథగట్టు ఎక్కిదిగడం మోకాళ్లకు మంచిది, పైన రూపాల సంగమేశ్వరుణ్ణి చూసుకుని రావచ్చు. శ్రీశైలం డ్యాము నీళ్లలో మునిగిపోకుండా తెచ్చి ఇక్కడ నిలబెట్టిన గుడి అది. కానీ దూరం అలవాటవ్వాలంటే గట్టు సరిపోదు. ఓర్వకల్లు రాక్ గార్డెన్ దాకా హైవే పక్కన నడుద్దామని ఒక స్నేహితుడు అన్నాడు, లారీల గాలికి, హారన్లకి సగం దారిలోనే విరక్తి పుట్టింది. అన్నిటికంటే కె.సి. (కర్నూలు–కడప) కెనాల్ గట్టు మేలు. సుంకేసుల వైపు మట్టిదారి, అక్కడక్కడా చెట్ల నీడ, అలసిపోతే ఊళ్లోకి తిరిగి ఆటో ఎక్కేయొచ్చు. సంచిలో నీళ్ల సీసాలు నింపి, అసలు బరువుతోనే నడవండి. ఉత్త చేతులతో ఎంత నడిచినా భుజాల సంగతి తెలియదు.

నీళ్ల గురించి గట్టిగా చెప్పాలి. మజిలీల్లో ట్యాంకర్లు, డ్రమ్ములు పెడతారు, కానీ మీరు చేరేసరికి అవి నిండుగా ఉంటాయని ఎవరూ రాసివ్వరు. మనిషికి మూడు లీటర్లు ఎప్పుడూ సంచిలో ఉండాలి. లీటరంటే కిలో, మడత కుర్చీ వదిలేసింది ఈ బరువు కోసమే. ప్లాస్టిక్ తనిఖీ ఉంటుంది కాబట్టి స్టీలు సీసాలో, గట్టి సీసాలో తెచ్చుకోండి. క్లోరిన్ బిళ్లలు ఉంటే మంచిది, వేశాక అరగంట ఆగి తాగాలి. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లం లీటరు నీళ్లకు లెక్క, చాలామంది దాన్ని అర లీటరు సీసాలో గుమ్మరించుకుని తాగేస్తారు, అది మేలు చేయదు సరికదా ఉప్పెక్కువై దాహం ఇంకా పెరుగుతుంది.

తిండి విషయంలో నేను కన్నడ వాళ్లకే దండం పెడతాను. ఎండబెట్టిన జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి, ఉల్లిగడ్డ. పాడవదు, బరువుండదు, పొయ్యి అక్కర్లేదు. మేం వాటితో పాటు బెల్లం శెనక్కాయ ఉండలు, బొరుగులు పెట్టుకున్నాం. ఎనర్జీ బార్లు కొన్నవాళ్లవి ఎండకు కరిగి కవరుకే అంటుకుపోయాయి.

కర్నూలు నుంచి ఆత్మకూరుకు నందికొట్కూరు మీదుగా బస్సులు ఉన్నాయి, డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. ఇప్పుడది నంద్యాల జిల్లా అయినా మా నోటికి ఇంకా కర్నూలు జిల్లాయే. తెల్లవారుజామున నడక మొదలుపెట్టాలంటే ముందు రాత్రి అక్కడే ఉండాలి. మేం దిగిన లాడ్జి గురించి మంచి చెప్పడానికి ఏమీ లేదు. ఫ్యాను చప్పుడే తప్ప గాలి లేదు, బాత్రూంలో నీళ్లు రాత్రి పదికే ఆగిపోయాయి, పండగ రోజులని రేటు మాత్రం పెంచారు. గది చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. వెంకటాపురంలోనే భక్తుల కోసం వేసిన పందిట్లో పడుకున్నవాళ్లు మాకంటే హాయిగా నిద్రపోయారు, పొద్దున ఆటో కోసం వెతుక్కునే పని కూడా వాళ్లకు లేదు.

వెంకటాపురం నుంచి నాగలూటి దాకా దారి సులువే, చెట్ల మధ్య మట్టిబాట. మా ఫోన్లలో సిగ్నల్ ఆ మొదట్లోనే పోయింది, ఇంట్లో వాళ్లకు ముందే చెప్పి రండి, లేకపోతే అనవసరంగా టెన్షన్ పడతారు. ఇక్కడే ఒక పెద్దామె, వయసు డెబ్బై పైనే ఉంటుంది, కాళ్లకు హవాయి చెప్పులు, నెత్తిన మూట, మా సంచులు చూసి "ఏనప్పా, ఇష్టొందు సామాను!" (ఏంటయ్యా, ఇంత సామానా!) అని కన్నడంలో నవ్వి మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయింది. బావ చాలాసేపు మాట్లాడలేదు. కొయ్యకాళ్లు కట్టుకుని వాటి మీదే నడిచి వచ్చేవాళ్లను కూడా చూశాం. అలాంటివాళ్ల పక్కన షూ బ్రాండ్ గురించి మాట్లాడటానికి నోరు రాదు, కానీ వాళ్ల కాళ్లకున్న అలవాటు మనకు లేదు కాబట్టి షూ మానేయకండి.

నాగలూటిలో వీరభద్రస్వామి పాత గుడి ఉంది. ఎండ వేళ అక్కడ ఆగి, చల్లబడ్డాక దామెర్లకుంట మీదుగా పెద్దచెరువు చేరి రాత్రికి అక్కడే ఉండటం మంచి ప్లాను. కొందరు నాగలూటిలోనే రాత్రి ఉండిపోతారు, దానివల్ల మర్నాడు కష్టమైన భాగమంతా ఎండలో పడుతుంది. పెద్దచెరువు దగ్గర జనం ఎక్కువ, భజనలు రాత్రంతా సాగుతాయి, నిద్ర కావాలంటే మైకుకి దూరంగా చాప పరుచుకోండి, అలాగని పందిరి దాటి అడవిలోకి పోవద్దు. పులి సంగతి పక్కనపెట్టినా ఎలుగుబంట్లు ఉన్న చోటు. మరుగుదొడ్లు పేరుకే ఉన్నాయి, మొత్తం దారిలో నాకు బొత్తిగా నచ్చనిది అదొక్కటే. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు గుంపుగా, వెలుతురు ఉండగానే ఆ పనులు చూసుకోండి. అన్నదానంలో పెట్టిన వేడి అన్నం, పప్పు, పచ్చడి మాత్రం ఏ హోటలూ సాటిరాదు.

మర్నాడు చీకటి విడుతూనే గుంపుతో కదిలితే మఠం బావి దాటి, ఎండ ముదరక ముందే భీముని కొలను అందుతుంది. నడక మొత్తానికీ ఇదే పరీక్ష. లోయలోకి మెట్లు దిగి, మళ్లీ అవతల నిటారుగా ఎక్కాలి. దిగేటప్పుడు వేళ్లు షూ ముందుభాగానికి కొట్టుకుంటాయి, దిగే ముందు లేసు బిగించుకుంటే పాదం జారదు. మోకాళ్లకు వెదురు కర్ర చాలు, ఖరీదైన ట్రెక్కింగ్ స్టిక్కు రబ్బరు కొన అరిగిన రాళ్ల మీద జారుతుండటం కళ్లారా చూశాను. శ్రీశైలానికి మెట్లు కట్టించిన రాజుగా 14వ శతాబ్దపు ప్రోలయ వేమారెడ్డికి పేరు. ఎక్కుతూ ఆయాసపడుతున్నప్పుడు ఆ రాజును పొగడాలో తిట్టాలో తేలదు. పైకి రాగానే కైలాసద్వారం, అక్కడి నుంచి హాటకేశ్వరం వైపు రోడ్డు మొదలవుతుంది. ఆటోలు పిలుస్తుంటాయి, మోకాలు సహకరించకపోతే ఎక్కేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

శ్రీశైలంలో గది సంగతి కర్నూల్లో ఉన్నప్పుడే చూసుకోవాలి. దేవస్థానం వాళ్ల గంగా సదన్, గౌరీ సదన్ లాంటివి పండగ రోజుల్లో దొరకడం కష్టం. సత్రాలు చాలా ఉన్నాయి, తెలిసినవాళ్ల ద్వారా అడిగిపెట్టుకుంటే మేలు. మాకు ఒక సత్రంలో హాలు దొరికింది, అందరికీ కలిపి ఒకే బాత్రూం, అయినా ఆత్మకూరు లాడ్జి కంటే వెయ్యి రెట్లు శుభ్రం, నీళ్లు ధారాళం. ఇంకో మాట. రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఆపేసి అలంకార దర్శనం మాత్రమే ఇస్తారు. ఇంత దూరం నడిచి లింగాన్ని తాకాలని ఆశపెట్టుకున్నవాళ్లు అక్కడ క్యూలో గొడవపడటం చూశాను. ఏ రోజు ఏ దర్శనం ఉందో ముందే కనుక్కుని తేదీ పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికి బస్టాండులోనే ఎక్కండి, దారిలో చెయ్యెత్తితే ఆపే పరిస్థితి ఉండదు. రిజర్వేషన్ ఉన్న బస్సైతే ముందే టికెట్ తీసుకోవడం మంచిది, కర్నూలుకు నూట ఎనభై కిలోమీటర్లు, నిలబడి రాలేం. ఇక సర్దుకునేటప్పుడే ఒక జత మామూలు చెప్పులు కూడా పెట్టుకోండి, వాచిన కాళ్లకు ఆ రోజు షూ పట్టదు.