కోర్గ్ మినీలాగ్: పెదనాన్న ఫ్యానుతో శ్రుతి కలిసిన సింథ్

కోర్గ్ కంపెనీ సింథసైజర్ (శబ్దాన్ని తనే పుట్టించే కీబోర్డు) మినీలాగ్ 2016లో వచ్చింది. నాలుగు వాయిస్‌ల (ఒకేసారి నాలుగు స్వరాలు పలికే) అనలాగ్, సన్న కీస్, వెనక చెక్క పలక... ఇవన్నీ అందరూ చెప్పేశారు, మళ్లీ నేనెందుకు? చాలాకాలంగా వాడుతున్నాను కాబట్టి ఒక్క నాబ్ గురించి మాత్రం చెప్పాలనిపించింది. అది ఆసిలేటర్ (స్వరాన్ని పుట్టించే భాగం) పిచ్ నాబ్. తిప్పుతుంటే ఎంత తిరిగిందో స్క్రీన్ మీద సెంట్లలో (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు) చూపిస్తుంది. కొన్నప్పుడు ఆ నాబ్‌ని అసలు పట్టించుకోలేదు. ఇవాళ ఈ సింథ్ అమ్మకుండా ఉంచుకున్నానంటే అదే కారణం.

మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. నేను తీసిన డాక్యుమెంటరీ మా పెదనాన్నది, ఆయన పనిచేసిన చిన్నరైలుది. ఆ లైను 1900లో నౌపడా నుంచి మా ఊరికి పడింది, 1931 నాటికి గుణుపురం చేరింది. రెండున్నర అడుగుల గేజి. 2004లో ఆపేశారు. పెద్ద లైను వేశాక 2011లో గుణుపురానికి మళ్లీ బండి మొదలైంది. సినిమా బయటి జనానికి కాదు, మా చుట్టాలకీ, ఆ లైను మీద బతికిన నాలుగు కుటుంబాలకీ. మ్యూజిక్ కూడా సొంతంగా చేసుకుందామనే సింథ్ కొన్నాను. పాటలూ తబలా బిట్లూ లేకుండా, మాటల వెనక మెల్లగా సాగే యాంబియంట్ చాలనుకున్నాను.

చిక్కల్లా పెదనాన్న ఇంటర్వ్యూతో వచ్చింది. మే నెల, కాశీనగర్‌లో ఆయన గది, నెత్తిన పాతకాలం సీలింగ్ ఫ్యాను. రికార్డింగ్‌కి ముందు కాస్త ఆపుదామన్నాను. "ఏటిరా బాబూ, ఈ ఉక్కలో ఫ్యానాపీమంటావేటి? నీ సినిమాకో దండం" అని కుర్చీలోంచి లేవబోయాడు. ఫ్యాను తిరుగుతుండగానే తీశాను. ఆ తర్వాతి ఏడాది ఆయన పోయారు. కాబట్టి ఉన్నది ఆ ఒక్క రికార్డింగే.

ఫ్యాను హోరు రెండు రకాలుగా ఉంటుంది. గాలి చప్పుడు ఒకటి, దాన్ని ఎలాగోలా భరించవచ్చు. రెండోది మోటారు గుంయ్‌మనే శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోటారు మూలుగు దానికి రెట్టింపు, అంటే 100 దగ్గర, తర్వాత 200, 300 దగ్గర వినబడుతుంది. మగవాళ్ల గొంతులో కింది స్వరం కూడా సరిగ్గా ఆ 100 చుట్టుపక్కలే తిరుగుతుంది. దాంతో ఈక్వలైజర్‌లో 100 కోస్తే పెదనాన్న గొంతు పల్చబడిపోయింది. నాయిస్ తీసే ప్లగిన్ వేస్తే బిందెలో తల దూర్చి మాట్లాడినట్టయింది. మా పెద్దమ్మ హెడ్‌ఫోన్స్‌లో విని "ఇది మీ పెదనాన్న కాదు" అని తీసి పక్కన పెట్టేసింది.

సరే, ఫ్యాను ఎలాగూ పోదు, పోనీ దానికే శ్రుతి పెడితే? కీబోర్డు మీద 100 హెర్ట్జ్‌కి దగ్గరున్న స్వరం కింది జి (పాశ్చాత్య స్వరాల్లో G). దాని పిచ్ 98. అంటే ఫ్యాను మూలుగు జి కంటే కాస్త పైన ఉంది. లెక్కేస్తే 35 సెంట్లు, అర స్వరంలో మూడో వంతు చిల్లర. మామూలు పెళ్లి ఆర్కెస్ట్రా కీబోర్డులో కూడా ట్యూనింగ్ మార్చవచ్చు, కానీ మెనూల్లోకి వెళ్లి వెతుక్కోవాలి. ఇక్కడ జి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో నాబ్ తిప్పుతూ ఫ్యాను వింటూ ఉన్నాను. ముందు రెండు శబ్దాలూ కొట్టుకుంటూ గుడగుడమన్నాయి. దగ్గరకొస్తున్న కొద్దీ ఆ గుడగుడ నెమ్మదించింది. ఒకచోట ఆగింది. స్క్రీన్ మీద చూస్తే +35.

ఆ క్షణం నుంచి ఫ్యాను హోరు చెత్తగా వినబడటం మానేసింది. తంబురా మీటినట్టు కింద స, దాని మీద పెదనాన్న మాటలు. రెండో ఆసిలేటర్‌ని ఒక్క పిసరు పక్కకి జరిపి, శబ్దంలో పదును తగ్గేలా ఫిల్టర్ బాగా మూసి, ఓ ప తగిలించాను. మ్యూజిక్ అయిపోయింది, నిజంగా అంతే.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆ తర్వాతి సంగతి. కరెంటు 50 అంటాం కానీ గ్రిడ్‌లో అది ఖచ్చితంగా 50 దగ్గర నిలబడదు. మన నియమాల్లోనే 49.90 నుంచి 50.05 దాకా ఊగడానికి వీలుంది. ఫ్రీక్వెన్సీ 49.95 అయిందనుకోండి, ఫ్యాను 99.9 దగ్గర పాడుతుంది, నా సింథ్ 100 దగ్గర ఉంటుంది. రెండూ కలిసి పది సెకన్లకోసారి మెల్లగా ఉబ్బి తగ్గుతాయి. గ్రిడ్ ఇంకొంచెం జరిగితే ఆ ఊపు మారుతుంది. ఆ కదలికను నేను వాయించలేదు, ప్రోగ్రామ్ చేయలేదు. ఆ మధ్యాహ్నం గ్రిడ్ మీద లోడు ఎలా పెరిగి తగ్గిందో అదే నా సౌండ్‌ట్రాక్‌లో ఊపిరి అయింది. ఎల్‌ఎఫ్‌ఓతో (శబ్దాన్ని నెమ్మదిగా ఊపే సింథ్ భాగం) నేను చేసుకున్న ఊపు దీని పక్కన పెడితే తేలిపోయింది, తీసి పారేశాను.

ఇంటర్వ్యూ మధ్యలో కరెంటు పోయింది కూడా. గుణుపురం సంతకి చింతపండు గంపలు ఎక్కించేవాళ్లతో గార్డుకి రోజూ ఎలా గొడవయ్యేదో పెదనాన్న ఒడియా కలిపి చెబుతున్నాడు. టప్పున మూలుగు ఆగింది. రెక్కల గాలి మాత్రం నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. ఎడిటింగ్‌లో ఆ చోట పెద్ద టెన్షన్. అక్కడ సింథ్ కూడా ఆపితే సీన్ చచ్చిపోతుంది, ఉంచితే అబద్ధం అవుతుందేమో. చివరికి ఉంచాను, కొంచెం తగ్గించాను. అక్కడ ఆయన గొంతు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది, గోడ గడియారం టిక్కుటిక్కులు కూడా వినబడ్డాయి. కరెంటు తిరిగొచ్చేసరికి ఫ్యాను వెళ్లి సింథ్ స్వరంలోనే కూర్చుంది. ఇంట్లో సినిమా చూసినవాళ్లెవరికీ ఆ అతుకు తెలియలేదు. మా బావ మాత్రం "కరెంటు పోయినా ఫ్యాను శబ్దం ఎలా వస్తోంది?" అన్నాడు. ఆయన ఎలక్ట్రీషియన్, వదిలేద్దాం.

ఇంత పొగిడాక కొన్ని సర్దుబాట్లు కూడా చెప్పాలి. కొత్తలో ఆసిలోస్కోప్ తెర చూపించి నలుగురికీ గొప్పలు చెప్పాను. వేవ్ కదులుతుంటే చూడటానికి బాగుంటుంది, కాదనను, ఇప్పుడు మాత్రం దాన్ని చూసేది తక్కువ. స్వరాలను వరసగా తనే వాయించే పదహారు మెట్ల సీక్వెన్సర్ కూడా అంతే, నా పనికి అవసరం రాలేదు. నాలుగు వాయిస్‌లు యాంబియంట్‌కి సరిపోతాయని ఒకప్పుడు చెప్పిన మాటని కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. రిలీజ్ (కీ వదిలాక స్వరం ఆగడానికి పట్టే సమయం) పొడుగ్గా పెట్టి నాలుగు స్వరాలు మోగుతుండగా అయిదోది నొక్కితే, ముందున్న వాటిలో ఒకటి తెగిపోతుంది. నేను ఒక్కో పొరనీ విడివిడిగా రికార్డు చేసి కంప్యూటర్‌లో కలుపుకున్నాను. నాకు తొందర లేదు కాబట్టి సరిపోయింది.

అవుట్‌పుట్ మోనో, స్టీరియో కాదు. డిలే (ప్రతిధ్వని) ఉంది, రివర్బ్ (గదిలో మారుమోగినట్టుండే ఎఫెక్ట్) లేదు. రివర్బ్ వల్హల్లా సూపర్‌మాసివ్‌తో వేసుకున్నాను, ఉచిత ప్లగినే. అనలాగ్ కాబట్టి గది వేడెక్కితే పిచ్ కాస్త జరుగుతుంది, మళ్లీ ట్యూన్ చేసుకునే ఏర్పాటు లోపలే ఉంది. మామూలు పాటకి అది విసుగే. నాకు మాత్రం ఫ్యాను కూడా జరుగుతూనే ఉంది కదా, రెండిటికీ సరిపోయింది. బ్యాటరీతో నడవదు, అడాప్టరే దిక్కు. మా వైపు గాలివాన వస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం కాబట్టి ఇన్వర్టర్ లేనివాళ్లు ఆలోచించుకోవాలి.

కొనమని అందరికీ చెప్పలేను. పెళ్లిళ్లలో వాయించేవాళ్లకి ఈ సన్న కీస్, మూడు సప్తకాల చిల్లర ఏ మూలకీ చాలవు. కొత్తది కొనే డబ్బుతో మంచి మైకు కొనుక్కోవడమే డాక్యుమెంటరీ తీసేవాళ్లకి మేలు, ముందు అది చూడండి. మైకు ఉండి, మార్చలేని పాత రికార్డింగులు, ఫ్రిజ్జులూ ఫ్యాన్లూ మోగే ఇళ్లలో తీసినవి చేతిలో ఉన్నవాళ్లకైతే, సెకండ్ హ్యాండ్‌లో మంచి ధరకి దొరికితే తీసుకోండి. పిచ్ సెంట్లలో చూపించే సాఫ్ట్‌వేర్ సింథ్‌తో కూడా ఇదే పని అవుతుంది. చెవితో వెతుకుతూ చేత్తో తిప్పడం నాకు నచ్చింది, అంతవరకే. జి, +35 నుంచి మొదలుపెట్టండి.