సూట్‌కేసులో తెరచాప: అవుకు, గండికోట, మైలవరం, సంగమేశ్వరం

ఆగస్టు రెండో వారంలో మా బావ సెలవు మీద వచ్చాడు. చాక్లెట్లతో పాటు సూట్‌కేసులో ఒక తెరచాప తెచ్చాడు. ఎర్రమట్టి రంగు, నాలుగు చదరపు మీటర్లు ఉంటుందేమో. మా అక్క దాన్ని మొదట టెంటు గుడ్డ అనుకుంది, సంగతి తెలిశాక వడియాలు పెట్టుకోవడానికి బాగుంటుంది వదిలేసి పో అంది.

బావది ప్రొద్దుటూరు, ఉద్యోగం ఫ్రాన్స్‌లో నాంత్ అనే ఊళ్లో. ముప్పై దాటాక ఈత నేర్చుకున్న మనిషి, ఇప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక పడవ కొన్నాడు. పేరు ఇల్యూర్, ఫ్రాంస్వా వివియే అనే ఆయన డిజైన్, పొడవు 4.44 మీటర్లు. చూస్తే తాతల కాలం నాటి చేపల పడవలా ఉంటుంది, కానీ ఒళ్లంతా ప్లైవుడ్, ఎపాక్సీ జిగురు. రూపం పాతది, తయారీ కొత్తది, ట్రైలర్ మీద తీసుకుపోయేంత తేలిక. ఇలాంటివాటికి పాత పడవల పండుగల్లో వేరే గుంపు పెడతారు. పందెమైతే పెద్దదానికి చిన్నదానికి తేడా పోయేలా ఒక్కో పడవకు ఒక్కో అంకె ఇచ్చి, పట్టిన టైమును దానితో సరిచేసి చూస్తారు, ముందు చేరినవాడే గెలిచాడని లేదు.

2023 మేలో నేను అక్కడికి పోయినప్పుడు మోర్బియాన్ ఖాతంలో రెండేళ్లకోసారి జరిగే వారం రోజుల పడవల పండుగ నడుస్తోంది. వెయ్యికి పైగా పడవలు! అది పందెం కాదు, గుంపులు గుంపులుగా ఊరి నుంచి ఊరికి పోవడమే. కానీ ఒకే రకం పడవలు రెండు పక్కపక్కన వచ్చాయంటే పందెం కాకుండా ఎలా ఉంటుంది, మా బావ నోరు మూసుకుని తాడు బిగించడం చూశా కదా. ఖాతం మూతి ఇరుకు, ఆటుపోట్ల టైము తప్పితే తెరచాప నిండా గాలి ఉన్నా పడవ వెనక్కి పోతుంది. నాకు మాత్రం నీళ్లకంటే ఒడ్డే ఎక్కువ గుర్తుంది. ప్రతి ఊళ్లోనూ నీళ్లలోకి దిగే ఏటవాలు సిమెంటు ర్యాంప్, దానికి ఆనుకుని ట్రైలర్లు నిలపడానికి చోటు. పడవ దించడం పది నిమిషాల పని.

అందుకే ఈసారి బావ ప్రశ్న ఒక్కటే: మన సీమలో ఇట్లాంటి పడవ ఎక్కడ దించొచ్చు?

మొదట అవుకు. కర్నూలు నుంచి పొద్దున్నే బయలుదేరి, దారిలో ఉగ్గాని బజ్జి తిని, బనగానపల్లె మీదుగా పోయాం (బేనిషా మామిడి కాలం అయిపోయింది, ఆ బాధ వేరే). అవుకు రిజర్వాయర్ చూడగానే బావ ముఖం వెలిగింది. చుట్టూ గుట్టలు, మధ్యలో విశాలమైన నీళ్లు, ఆగస్టు గాలికి చిన్న చిన్న అలలు. ఇక్కడికి శ్రీశైలం కుడిగట్టు కాలువ నీళ్లు వస్తాయి. కుటుంబంతో వచ్చి గట్టు మీద ఓ సాయంత్రం కూర్చోవడానికి నా లెక్కలో నాలుగింటిలో ఇదే బెస్టు. పక్కన బెలుం గుహలు ఎలాగూ ఉన్నాయి, 3,229 మీటర్ల గుహలు, లోపల ఉక్కపోతకి చొక్కా పిండుకోవాలి. కానీ పడవ దించేదెలా? మేం చూసిన మేరకు గట్టుకు రాళ్లు పేర్చి ఉన్నాయి, వాటి మీద ప్లైవుడ్ పడవను ఈడిస్తే అడుగు గోకుకుపోతుంది. బావ రాళ్లు దిగుతూ అడుగులు లెక్కపెట్టి, నలుగురు మోయాలి అన్నాడు.

ఆ రాత్రి గండికోట. ఇక్కడ బస గురించి కాస్త చెప్పాలి. పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, కోటకు దగ్గర, శనాదివారాలైతే ముందే బుక్ చేసుకోండి. మేం చేసుకోలేదు. దాంతో ఒక టెంటు క్యాంపులో దిగాం. ఫోన్లో చెప్పింది "లోయ అంచున", తీరా చూస్తే లోయకీ మాకూ మధ్య అర కిలోమీటరు ముళ్ల కంప. రాత్రి గాలికి టెంటు మేకులు రెండు ఊడిపోయాయి. పిలిస్తే పలికే నాథుడు లేడు, ఇంక బావే లేచి పడవల్లో వేసే ముడులతో తాళ్లన్నీ మళ్లీ కట్టాడు, పక్క టెంటు బెంగళూరు పిల్లలవి కూడా. పొద్దున్నే "బిల్లు మనమే వేయాల రా వీళ్లకు" అన్నాడు. భోజనం మాత్రం వంక పెట్టలేం, రాగి సంగటి, నాటుకోడి పులుసు, వేడివేడిగా.

తెల్లవారి ఆరింటికి అంచున నిలబడితే పెన్నా ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ ఎన్నిసార్లు చూసినా కొత్తే. మాధవరాయ గుడి, జామా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచే దూరమే. కానీ తెరచాపకి ఈ లోయ పనికిరాదని బావ తేల్చేశాడు. పైన గాలి ఈడ్చి కొడుతుంటే కింద నీళ్లు ఒకచోట అద్దంలా ఉన్నాయి, పక్కనే సుడి గాలి. గోడ దెబ్బకి గాలి ఎటునుంచి వస్తుందో తెలియదు. తెడ్డు వేసుకునే కయాక్ అయితే ఇక్కడ రాజా. కిందికి పోతే మైలవరం దగ్గర లోయ ముగిసి నీళ్లు విచ్చుకుంటాయి, అక్కడ గాలి నిఖార్సుగా ఉంది. అక్కడా ఒడ్డు బురదే. బావ మోకాలి దాకా దిగబడి చెప్పు ఒకటి మైలవరానికి సమర్పించుకున్నాడు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మనకు గాలి ఆషాఢంలో. అనంతపురం వైపు గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. కానీ ఆషాఢంలో చాలాసార్లు రిజర్వాయర్లు అడుగంటి ఉంటాయి. ఎగువ వానలకు కృష్ణ నిండి శ్రీశైలానికి నీళ్లు చేరేసరికి శ్రావణం. చలికాలానికి నీళ్లు నిండుగా, గాలి సున్నా. అంటే తెరచాపకు రెండూ కలిసేది ఆగస్టు, మహా అయితే సెప్టెంబరు మొదలు.

రాత్రి ప్రొద్దుటూరులో బావ వాళ్లింట్లో కారం దోశెలు తిని పడుకుని, మర్నాడు నంద్యాల మీదుగా ఆత్మకూరు చేరాం. అక్కడి లాడ్జిలో బకెట్ నీళ్లు, శుభ్రమైన దుప్పటి, పొద్దున ఐదుకే టీ. అంతకన్నా ఏం కావాలి. సంగమేశ్వరం చేరేసరికి పాత గుడి శ్రీశైలం జలాశయం నీళ్లలో ఉంది, శిఖరం కూడా కనపడలేదు. వేపమాను లింగం చూడాలంటే ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు రావాలి. ఇప్పుడు కనుచూపు మేర నీళ్లే. ఇక్కడ పుట్టి నడిపే ఒక పెద్దాయన దొరికాడు. వెదురు అల్లిక, మీద పట్టా, తారు, గుండ్రంగా పెద్ద గంపలా. ప్రవాహం వైపు రానని, ఒడ్డు లోపలికి వంగిన చోటే తిరుగుదామని ముందే గట్టిగా చెప్పాడు. అదే మంచిదైంది. లైఫ్ జాకెట్లు మావి మేమే తెచ్చుకున్నాం.

వెదురు బొంగు నిలబెట్టి బావ తెరచాప కట్టాడు. గాలి తగలగానే పుట్టి ముందుకు పోలేదు, తన చుట్టూ తాను తిరిగింది. నిమిషంలో నా వీపు ఒడ్డుకి, ముఖం తెరచాపకి. దీనికి ముక్కూ తోకా లేవు మరి. బావ తెడ్డును వెనక నీళ్లలో ఆనించి పట్టుకున్నాక కాస్త నిలకడగా కదిలింది, అంతే, ఒడ్డు మీద బట్టలుతికే ఆడవాళ్లు చూస్తుండగానే మూడు నాలుగు వందల మీటర్లు కొట్టుకుపోయాం. తారు వాసన, పట్టా కింద నీళ్లు టపటపా. నేనైతే అరిచాను.

రావడానికి నలభై నిమిషాలు. తెరచాప చుట్టేసి, పెద్దాయన మోకాళ్ల మీద కూర్చుని తెడ్డుతో నీళ్లను తన వైపు లాగుతుంటే గాలి ఎదురు తోస్తోంది. "గాలి తీసుకుపోతాది సార్, తీసుకురాదు" అన్నాడు. దానికి బావ హుషారుగా, తన పడవ నడుమ నీళ్లలోకి దించే పలక ఒకటి ఉంటుందనీ, అది పక్కకు జారనివ్వదనీ, అందుకే ఎదురుగాలికి నేరుగా కాకపోయినా ఏటవాలుగా అటూ ఇటూ మళ్లుకుంటూ వెనక్కి రావచ్చనీ అరచేతి మీద వేలితో గీసి చూపించాడు. పెద్దాయన అంతా విని, ఆ పలక రాయికి తగిలితే? అని అడిగాడు. పైకి మడుచుకుంటుందన్నాడు బావ. అప్పుడు ఆయన మెచ్చుకోలుగా తలూపాడు.

పడవ దించే చోటు ఆయనే చూపించాడు. పుట్టీలు ఒడ్డుకు లాగేచోట నేల గట్టిగా, ఏటవాలుగా, ట్రాక్టరు తిరిగేంత వెడల్పుగా ఉంది. మోర్బియాన్ ర్యాంపుకి దగ్గరగా మాకు కనిపించింది మొత్తం నాలుగు రోజుల్లో ఇదొక్కటే. బావ కాళ్లతో కొలిచాడు, ఇరవై రెండు అడుగులు. నీళ్లు తగ్గితే ఆ వాలు ఎంత దూరం పోతుందని అడిగితే పెద్దాయన దూరంగా నీళ్ల మధ్యలోకి చెయ్యి చూపించాడు, గుడి ఉన్న వైపు.

తెరచాప మాత్రం వెనక్కి పోలేదు. తారు మరకలు పడ్డాయని బావ వదిలేశాడు, మా అక్క ఉతికి డాబా మీద ఆరేసింది.