అమ్మ మోకాళ్లు, మట్టి పట్టీలు, ఇన్సూరెన్స్ కాగితాలు

అమ్మ మోకాళ్ల నొప్పికి ప్రకృతి వైద్యం చేయిద్దామని వైజాగ్ బయల్దేరాం. తాడేపల్లిగూడెంలో రత్నాచల్ రైలెక్కి కూర్చోగానే అమ్మ అడిగింది, "మట్టి పూయించుకున్నా ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బులిస్తారేంట్రా?" అని. ఇస్తారు. కాకపోతే ఎక్కడ పూయించుకున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. మా అక్క విషయంలో కిందటేడాది ఆ సంగతి బాగా తెలిసొచ్చింది.

అక్క నడుంనొప్పికి వైజాగ్‌లోనే, భీమిలి రోడ్డులో సముద్రం పక్కన ఒకచోట వారం రోజులు ఉంది. గది బాగుంది, కిటికీ తీస్తే అలలు. వైద్యానికీ వంక పెట్టలేం. బిల్లులో మాత్రం ఒకే ఒక్క లైను: "వెల్‌నెస్ ప్యాకేజీ, 7 రోజులు". క్లెయిమ్ తిరగ్గొట్టారు. కారణం, పాలసీలో 13వ మినహాయింపు. స్పాలు, నేచర్ క్యూర్ క్లినిక్కుల్లాంటి చోట్ల చేయించుకున్న వైద్యానికి డబ్బు రాదని అందులో ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు అది చదివేవాళ్లు ఎంతమంది?

మరోపక్క, ఆయుర్వేదం, హోమియో లాంటి ఆయుష్ వైద్యాన్ని మిగతా వైద్యంతో సమానంగా చూడాలని బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఇన్సూరెన్స్ కంపెనీలకు చెప్పింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఆయుష్‌లో యోగా, ప్రకృతి వైద్యం కూడా ఉన్నాయి. అందుకే చేరేచోటు కాగితాల మీద ఆసుపత్రా, రిసార్టా అన్నదే అసలు ప్రశ్న. ఆయుష్ ఆసుపత్రి అనాలంటే కనీసం 5 పడకలుండాలి, అర్హత ఉన్న డాక్టరు రాత్రీపగలూ బాధ్యతగా ఉండాలి, చికిత్సలకు విడిగా గదులుండాలి, రోగి రికార్డు రోజూ రాయాలి.

ఈసారి ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. రుషికొండ దగ్గర చూసిన చోట తోట, ఈతకొలను చూపించారు. రిజిస్ట్రేషన్ కాగితం అడిగితే మేనేజర్ వస్తే చెప్తామన్నారు. అమ్మకు ఆ తోట ఎంత నచ్చిందో, అయినా వచ్చేశాం. ఎంవీపీ కాలనీలో ఒక క్లినిక్ ఉంది. డాక్టరు ఓపిగ్గా మాట్లాడారు, ఫీజు కూడా తక్కువే. పడకలు లేవు, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపోవాలి. దగ్గర్లో ఉండేవాళ్లకు నేను అదే చెప్తాను.

చివరికి మధురవాడ వైపు ఒక చిన్న ఆసుపత్రిలో చేరాం. గోడలకు రంగు వెలిసిపోయింది, సముద్రం కనిపించదు. కానీ అడక్కముందే రిజిస్ట్రేషన్ కాపీ చేతిలో పెట్టారు. బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) చదివిన డాక్టరమ్మ అమ్మ పాత ఎక్స్‌రేలు చూసి, ఇంటి దగ్గర మందులతో తగ్గలేదు కాబట్టి చేర్చుకోవాల్సి వస్తోందని కేస్ షీట్‌లో మొదటి రోజే రాశారు. ఆ ఒక్క వాక్యం విలువ నాకు తర్వాత తెలిసింది.

పొద్దున్నే 6 గంటలకు తడి గుడ్డలో చుట్టిన చల్లటి నల్లమట్టి మోకాళ్ల మీద పెట్టేవారు. అమ్మ మొదట ఒళ్లు జలదరించి నా చెయ్యి పట్టుకునేది, కాసేపటికి అలాగే కళ్లు మూసుకునేది. తర్వాత తొట్టి స్నానం, ఆవిరి, బూడిద గుమ్మడికాయ రసం. మధ్యాహ్నం ఉప్పులేని కూర దగ్గర మాత్రం రోజూ గొడవే. ఆరో రోజుకి గోడ పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్లింది. మోకాళ్లు పూర్తిగా బాగైపోయాయని అనను, నొప్పి బిళ్లలు సగానికి తగ్గాయి.

మా కంపెనీ నెట్‌వర్క్‌లో ఆ ఆసుపత్రి లేదు, క్యాష్‌లెస్ కుదరలేదు, ముందు మేమే కట్టి తర్వాత క్లెయిమ్ చేసుకోవాలి. చేరిన రోజే కంపెనీకి మెయిల్ పెట్టాను. డిశ్చార్జ్ అప్పుడు ఏ చికిత్సకు ఎంతో విడివిడిగా బిల్లు అడిగాను, "ప్యాకేజీ" అన్న మాట రాకుండా చూడండమ్మా అని ముందే బతిమాలుకున్నాను. 10 రోజులకి 38 వేలయింది. కంపెనీ వాళ్లు రోజువారీ కేస్ షీట్లు మళ్లీ అడిగారు, పంపాను. డాక్టరమ్మ మొదటి రోజు రాసిన ఆ వాక్యం అప్పుడే పనికొచ్చింది. నా మంచం, నా భోజనం, ఇంటికి తెచ్చుకున్న నూనెలు తీసేసి 29 వేలు వేశారు. ఐదేళ్లుగా పాలసీ నడుస్తోంది కాబట్టి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ కొత్తలో కొన్ని జబ్బులకు డబ్బు రాని కాలం) గొడవ రాలేదు. కొత్త పాలసీ అయితే ముందు అది చూసుకోండి.

అక్క సంగతి ఇంకా తేలలేదు. విడి బిల్లు, డాక్టరు నోట్ ఇమ్మని ఆ సముద్రం పక్క వాళ్లని మళ్లీ అడిగాం. అవి రాగానే కంపెనీకి మరోసారి రాసి, అప్పటికీ ఒప్పుకోకపోతే బీమా కంపెనీల మీద ఫిర్యాదులు వినే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాం.