రేకుల ఇంటికి పీవీసీ గట్టర్: ఏడేళ్లు వాడాక

మాది ఖమ్మంలో పాత సిమెంటు రేకుల ఇల్లు. చూరు నీళ్లు పక్కింటి గోడ మీద పడి ఏటా మాటామాటా వచ్చేది. 2018 వేసవిలో ఆ వైపు 24 అడుగుల పొడవున ఆరంగుళాల పీవీసీ గట్టర్, అంటే చూరు నీళ్లు పట్టి పైపులోకి దించే ప్లాస్టిక్ కాలువ, పెట్టించాను. గొడవ ఆగిపోయింది. పెట్టిన డబ్బు ఆ ఒక్కదానికే గిట్టుబాటయింది.

బిగించినాయన మాత్రం ‘మెయింటెనెన్స్ ఏమీ ఉండదు సార్’ అన్నాడు. మా వాకిట్లో వేపచెట్టు ఆయన కంట పడలేదేమో. శివరాత్రి దాటితే ఆకు, ఉగాదికి పూత, తొలకరికి పళ్లు. వీటన్నిటిలో పూతే దొంగది. ఆకైతే గుప్పిళ్లతో తీసేయొచ్చు. పూత తడిసి, రుబ్బిన పిండిలా పైపు మూతికి పట్టేస్తుంది. రెండో ఏడు చూద్దును కదా, గట్టర్‌లో బెత్తెడేసి వేపమొక్కలు నాలుగు! పైన జాలీ వేయించాను. పూత జాలీ మీదే పేరుకుని నీళ్లు బయటికి దూకాయి. మిగిలిన పని కోతులు చూసుకున్నాయి.

మొదటి మూడేళ్లు నిచ్చెనెక్కే శుభ్రం చేశాను. ఒకసారి నిచ్చెనను గట్టర్‌కే ఆనించి, చివర్న ఉన్న ఆకు కోసం ఒంగాను. పీవీసీ నున్నగా ఉంటుంది కదా, నిచ్చెన పక్కకు జారింది. కింద మా ఆవిడ పట్టుకుని ఉండబట్టి నడుం దక్కింది, గట్టర్‌ను పట్టి ఉంచే క్లాంపు ఒకటి విరిగింది. అప్పటి నుంచి నిచ్చెన గోడకే ఆనాలి. పదడుగుల ఎత్తుకు కాళ్లు గోడకు రెండున్నర అడుగుల దూరంలో ఉండాలి. చెయ్యి అందకపోతే దిగి నిచ్చెన జరపాల్సిందే. రేకుల మీద అయితే అసలు కాలు పెట్టను. బోల్టుల వరస మీద నడిస్తే ఏం కాదంటారు కానీ, పాత సిమెంటు రేకు ఎక్కడ పుటుక్కుమంటుందో చెప్పలేం.

ఇంకో టెన్షన్ కరెంటుది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మా చూరు పక్కనే ఉండేది, నాదేమో అల్యూమినియం నిచ్చెన. మెయిన్ ఆపితే చాలనుకునేవాణ్ణి. మీటరు దాకా వచ్చే ఆ వైరులో మెయిన్ ఆపినా కరెంటు ఉంటుందని లైన్‌మన్ చెబితే గుండె జారింది. వైరును అవతలి వైపుకు మార్పించాను.

ఇప్పుడు పని చాలావరకు నేల మీంచే. ముప్పావు అంగుళం పైపు చివర రెండు బెండ్లు పెట్టి కొక్కెంలా చేయించి, రెండో చివర మోటారు పైపు తగిలించాను. కింద నిలబడి గట్టర్ లోపలికి నీళ్లు కొడుతూ నడుస్తాను. కళ్లద్దాలు పెట్టుకోకపోతే ఆ బురదంతా మొహానే. నిచ్చెన ఏడాదికి ఒకసారే, మృగశిర కార్తెకు ముందు.

సరుకు విషయానికొస్తే గట్టర్ రంగు వెలిసింది గానీ పగల్లేదు. క్లాంపులే తప్పు చేశాం. మూడడుగులకొకటి పెడితే మధ్యలో కుంగి నీళ్లు నిలిచాయి, వాటిలో దోమ పిల్లలు. డెంగీ దోమకు వారం పది రోజులు నిలిచిన నీళ్లు చాలు. తర్వాత అడుగున్నరకొకటి వేయించి, పైపు వైపు పదడుగులకు అరంగుళం వాలు పెట్టించాను. గమ్ముతో అతికించిన జాయింట్లు మే ఎండకు సాగి విడిపోయాయి. రబ్బరు రింగు జాయింట్లకు ఆ బాధ లేదు. దిగే పైపు రెండున్నర అంగుళాలది చాలదు, మొదటే నాలుగంగుళాలది అడగండి. సెంటీమీటరు వాన పడినా మా కప్పు నుంచి 300 లీటర్ల పైనే దిగుతాయి. అవన్నీ ఇంకుడు గుంతకే.

గట్టర్ చివర బిగించే మూత (ఎండ్ క్యాప్) ఒకటి ఇప్పటికీ చుక్కలు కారుతోంది. రెండుసార్లు సీలెంట్ పెట్టి విసిగిపోయి, దాని కిందికి కరివేపాకు కుండీ జరిపాను.