నాటుకోళ్ల ఫీడర్లు, డ్రింకర్లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మా పెరట్లో ఎప్పుడూ అరవై, డెబ్బై కోళ్లుంటాయి. ఎక్కువ నాటు పెట్టలు, కొన్ని గ్రామప్రియ అనే పెరటి రకం, నాలుగు అసీల్ అనే పందెం జాతి పుంజులు. ఊరు పల్నాడు వైపు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, బిందెలో నాలుగు రోజులు నిలవుంటే అడుగున తెల్లటి పొర కడతాయి. నీళ్ల సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. డ్రింకర్ ఎంచుకోవడంలో సగం నిర్ణయం కోళ్లను బట్టి కాదు, మన నీళ్లను బట్టి చేయాలి. వీడియోలో ఒక మోడల్‌ని తెగ పొగిడే ఆయన ఇంట్లో కాలవ నీళ్లు వస్తుండొచ్చు. మన బోరు గురించి ఆయనకేం తెలుస్తుంది?

అందరూ మొదట కొనేది తెల్ల డబ్బా, ఎర్ర పళ్లెం ఉన్న జార్ డ్రింకర్. చవక, ఏ పశువుల మందుల షాపులోనైనా దొరుకుతుంది. కోడిపిల్లలకు నేను ఇప్పటికీ దీన్నే వాడతాను. మొదటి రోజు బెల్లం నీళ్లు, తర్వాత విటమిన్లు, కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా బూస్టర్ అన్నీ ఇందులోనే. టీకా రోజు దీని విలువ తెలుస్తుంది. గంటన్నర నీళ్లు ఆపి, క్లోరిన్ లేని చల్లటి నీళ్లలో పాలపొడి, టీకా మందు కలిపి నాలుగు జార్లలో పోసి పెడితే ఏ పిల్ల తాగింది, ఏది తాగలేదు కళ్లముందే కనిపిస్తుంది. పైపులైనులో ఆ సౌకర్యం లేదు. దీని లోపం పళ్లెం. పిల్లలు పెరిగి ఊక కెలకడం మొదలుపెట్టాక గంటలో పళ్లెం నిండా ఊక, రెట్ట. కింద ఇటుక పెట్టి, పళ్లెం అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా లేపితే చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇంకోటి, డబ్బా లోపల పాకుడు పడుతుంది. ఎండ తగిలే చోట పెడితే వారంలోనే పచ్చగా అవుతుంది. చెయ్యి పట్టేంత మూతి ఉన్న డబ్బా చూసి కొనండి. సన్నమూతిది ఎంత చవకైనా వద్దు, దాన్ని తోమలేం.

పెద్ద కోళ్లకు నిపుల్, అంటే కోడి ముక్కుతో పొడిస్తే చుక్కచుక్కగా నీళ్లు వదిలే చిన్న బిరడా. పీవీసీ పైపుకి రంధ్రాలు వేసి, పది కోళ్లకు ఒకటి చొప్పున నిపుల్స్ బిగించి, పైన డ్రమ్ము పెట్టాం. మొదటి నెలలోనే ఊక పొడిగా ఉండడం చూసి మా ఆవిడ కూడా ఒప్పుకుంది. తడి ఊక అంటే ఉత్త వాసన గొడవ కాదు. రక్తపారుడు తెచ్చే కాక్సీడియా అనే సూక్ష్మజీవి ఆ తడిలోనే ముదురుతుంది. నిపుల్ పెట్టాక ఆ మందుల ఖర్చు కళ్లకు కనిపించేంత తగ్గింది.

అయితే మా నీళ్లకు నిపుల్ సులువుగా లొంగలేదు. లోపలి సన్న పుల్ల చుట్టూ సున్నం పేరుకుంటుంది. ఒకటి బిగుసుకుపోతుంది, చుక్క రాదు. ఇంకోటి సరిగా మూసుకోక రాత్రంతా కారుతుంది. కారేది తెల్లారితే కనిపిస్తుంది, రాని దాన్ని ఎవరు కనిపెడతారు? అందుకే పొద్దున్నే ప్రతి నిపుల్‌నీ వేలితో ఒకసారి తట్టి చూడడం అలవాటు చేసుకోవాలి. డ్రమ్ము దగ్గర ఫిల్టర్, పైపు చివర కడిగి వదలడానికి ఒక వాల్వు తప్పనిసరి. నెలకోసారి నిపుల్స్ విప్పి నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే మళ్లీ కొత్తవాటిలా పనిచేస్తాయి. బెల్లం నీళ్లు, తీపి టానిక్కులు మాత్రం ఈ లైనులో పోయకండి. లోపల జిగురు పట్టి, ఆ జిగురులో క్రిములు కాపురం పెడతాయి.

ఎత్తు కూడా చూసుకోవాలి. కోడి మెడ కొంచెం పైకి చాచి తాగాలి. కిందికి ఉంటే ముక్కుతో పక్కనుంచి పొడిచి సగం నీళ్లు కింద పోస్తుంది.

ఇక వేసవి. గుడ్లు పెట్టే పెట్ట రోజుకు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటే, నీళ్లు దానికి రెట్టింపు తాగుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే ఇంకా పెరుగుతుంది. మా పక్క మేలో 44 మామూలే. ఆ ఎండకు పైపులో నీళ్లు కాగిపోతాయి, కోడి ఒకసారి ముక్కు పెట్టి వెనక్కి వస్తుంది. నీళ్లున్నాయి కదా అని మనం ధీమాగా ఉంటాం, అది దాహంతో రొప్పుతుంటుంది. డ్రమ్ముకి తడి గోనెసంచి చుట్టి, మధ్యాహ్నం రెండుసార్లు పైపులోని వేడి నీళ్లు బయటికి వదిలేయాలి. దాంతోపాటు చెట్టు కింద రెండు వెడల్పాటి మట్టి మూకుళ్లు పెడతాం. ఏ కంపెనీ డ్రింకరూ మేలో వాటికి సాటి రాదు. రోజుకు మూడుసార్లు కడగాలి, అంతే.

గంటలా వేలాడే బెల్ డ్రింకర్ గురించి చాలామంది అడుగుతారు. బ్రాయిలర్ ఫారాలవాళ్లు నిపుల్‌కి మారి పాతవి చవకగా అమ్ముతుంటారు. వందల్లో కోళ్లుంటే సరే. మాలాంటి వాళ్లకి అనవసరం. పుంజులు కొట్లాడుకుంటూ దాన్ని గుద్దితే నీళ్లన్నీ ఊకలోకే.

ఫీడర్ల దగ్గర నేను చూసేది ఒక్కటే: సాయంత్రానికి కింద ఎంత దాణా పడింది. ఆ లెక్కన వేలాడదీసే గుండ్రటి ఫీడర్, అదీ పళ్లెం మీద గళ్ల జాలీ ఉన్నది, అన్నిటికన్నా నయం. జాలీ లేనిదైతే కోడి నచ్చిన గింజ కోసం మిగతాదంతా ముక్కుతో చిమ్మేస్తుంది. పళ్లెం మూడోవంతుకు మించి నిండకుండా సర్దుకునే వీలున్నది కొనండి. రేకు తొట్టి కూడా మంచిదే, పైన తిరిగే కడ్డీ ఉండాలి. లేకపోతే అంచెక్కి కూర్చుని అందులోనే రెట్ట వేస్తాయి.

నాలుగంగుళాల పైపుకి ఎల్బో బిగించి చేసుకునే ఫీడర్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ నాకు నచ్చలేదు. జొన్నలు, మొక్కజొన్న నూక బాగానే దిగుతాయి. తవుడు కలిపిన దాణా వానాకాలం తేమకు అట్టకట్టి పైనే ఆగిపోతుంది. వంపులో అడుగున మిగిలిన పాతది బూజు పడుతుంది, పైనుంచి మనకు కనపడదు. బూజు దాణాలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటే కోడి కాలేయం దెబ్బతింటుంది. గింజలు మాత్రమే వేసేవాళ్లకి పర్లేదు.

ఆన్‌లైన్‌లో ఒక డ్రింకర్ కిట్ కూడా తెప్పించాను, పైపు, కప్పులు, క్లిప్పులు అన్నీ కలిపి. కప్పులు ఇంకా పనిచేస్తున్నాయి. క్లిప్పులు ఒక్క వేసవికే పెళుసెక్కి విరిగాయి, అమ్మినవాళ్లు ఫోనెత్తలేదు. ఇప్పుడు కరెంటు సామాన్ల షాపులో దొరికే ఇనుప క్లాంపులు వాడుతున్నా.

ఏ ఫీడరైనా రాత్రికి లోపల పెట్టేయాల్సిందే, పందికొక్కులు వదలవు. ఆ పని తప్పించుకుందామని తొక్కితే మూత తెరుచుకునే రేకు ఫీడర్ ఒకటి ఈ మధ్య తెచ్చాను. అసీల్ పుంజులు రెండు రోజుల్లో నేర్చుకున్నాయి. నాటు పెట్టల బరువుకి మూత సగమే లేస్తోంది, వెనక స్ప్రింగు వదులు చేసి చూస్తున్నాను.