అదనపు కమాన్ పట్టీ వేయించి, మళ్లీ తీయించాను: ఎనిమిదేళ్ల పికప్ అనుభవం

2018లో కొన్న మా డీజిల్ పికప్ మీటర్ మొన్న 2 లక్షల 10 వేల కిలోమీటర్లు దాటింది. మిర్చి సీజన్‌లో నర్సంపేట వైపు ఊళ్ల నుంచి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు, మిగతా రోజుల్లో ములుగు వైపు ఎరువులు, సిమెంటు. ఇంజిన్ మీద నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. నేను నష్టపోయింది కమాన్ పట్టీల దగ్గర, అంటే వెనక ఇరుసు మీద లోడు మోసే స్ప్రింగు పట్టీల దగ్గర.

మిర్చి బస్తా సుమారు 40 కిలోలు. మా బండికి 32 బస్తాలు వేస్తే 1,280 కిలోలు, అంటే కంపెనీ చెప్పిన బరువు నిండినట్టే. రెండో ఏడాది నుంచి 40 వేయడం మొదలుపెట్టాను. వెనక భాగం కుంగుతోందని మెకానిక్ దగ్గరికి వెళ్తే, "అన్నా, పక్కకొక పట్టీ ఎక్కిద్దాం, ఎంతైనా గుంజుతది" అన్నాడు. ఎక్కించాం. బండి ఎత్తుగా నిలబడింది, నాకూ సంతోషమైంది.

అసలు సంగతి ఆరు నెలలకు తెలిసింది. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అంతకుముందు 25 వేల కిలోమీటర్లు వచ్చేవి, ఈసారి 12 వేలకే అరిగిపోయాయి. తర్వాత ఒక సాయంత్రం మల్లంపల్లి దాటాక రోడ్డు మీదికి బర్రె వచ్చింది. లోడుతో ఉన్న బండి ముక్కు నేలకు వంగిందే గానీ, ఆగాల్సిన చోట ఆగలేదు. బర్రె దానంతటదే పక్కకు జరిగింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంకో పాత మేస్త్రీ బండి కిందకు దూరి కారణం చూపించాడు. చాసిస్ నుంచి వెనక ఇరుసుకు ఒక సన్న కడ్డీ, దానికి ఒక బ్రేక్ వాల్వ్ ఉంటాయి. లోడు పడి చాసిస్ కిందికి దిగితే, ఆ వాల్వ్ వెనక చక్రాలకు బ్రేక్ ప్రెషర్ పెంచుతుంది. ఖాళీ బండికి తగ్గిస్తుంది, లేకపోతే వెనక చక్రాలు లాక్ అయి జారతాయి. మేము పట్టీ వేసి ఎత్తు పెంచాం కదా, ఒకటిన్నర టన్ను మోస్తున్నా వాల్వ్‌కు అది ఖాళీ బండి లెక్కే. భారమంతా ముందు బ్రేకుల మీదే పడింది. అన్ని పికప్‌లకూ ఈ వాల్వ్ ఉండదు. మీ దానికి ఉందేమో వంగి చూడండి. ఉంటే, పట్టీల పని ఏది చేయించినా వాల్వ్ సెట్టింగ్ చూడకుండా బండి బయటికి తీయొద్దు.

నేను ఆ పట్టీ తీయించేశాను. పాత పట్టీలకు వంపు కొట్టించి, పిన్నులు, బుష్‌లు కొత్తవి వేయించాను. బస్తాలు మళ్లీ 32కే తెచ్చాను. ట్రిప్పులు పెరిగిన మాట నిజమే, అయినా టైర్లు, ప్యాడ్ల ఖర్చు తగ్గింది. పట్టీలు విప్పి బిగించాక ఒకటి రెండు లోడ్లు తిరిగి, పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ టైట్ చేయించాలి. అవి వదులైతే పట్టీలన్నిటినీ కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగి ఇరుసు పక్కకు జరుగుతుంది. ఈ రెండో బిగింపు చాలామంది చేయించరు.

సరుకు వేసే తొట్టి సంగతి కూడా చెప్పాలి. యూరియా, డీఏపీ బస్తాలు చిరిగి పడిన గుళికలు తేమ పీల్చుకుని, రబ్బరు మ్యాట్ కింద రేకును తినేస్తాయి. మాది నాలుగేళ్లకే రెండు చోట్ల చిల్లు పడింది. ఇప్పుడు ఎరువుల లోడు దించిన రోజే మ్యాట్ ఎత్తి కడుగుతాను, నీళ్లు పోయే రంధ్రాలు పుల్లతో పొడుస్తాను. వెల్డింగ్ చేసిన చోట తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు కొట్టకుండా పైరంగు వేస్తే ఒక్క వానాకాలం కూడా ఆగదు.

వెనక ఇరుసును తిప్పే షాఫ్ట్ కీళ్లకు, అంటే షాఫ్ట్ క్రాస్‌లకు, గ్రీజు నెలకోసారి. డీజిల్ ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు తీయడం వానాకాలంలో మరీ ముఖ్యం. మేడారం జాతర రోజుల్లో తాడ్వాయి దారి దుమ్ములో తిరిగితే, ఎయిర్ ఫిల్టర్ కిలోమీటర్ల లెక్క చూడకుండా విప్పాలి. మే నెల ఎండకు కూలెంట్ బదులు బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో పొలుసు కడుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు బండి వెనక్కి వెళ్లి పట్టీలు లెక్కపెట్టండి. రెండు వైపులా సమానంగా లేకపోయినా, ఒకటి మాత్రం కొత్తగా మెరుస్తున్నా, ఆ బండి ఎంత బరువు మోసిందో అడగండి. ఆ తర్వాతే ధర మాట్లాడండి.