పీవీ ఊళ్లకు ఒక రోజు యాత్ర: బండికి వంక లేదు, కథకు ఉంది

హనుమకొండలో ఉదయం ఎక్కించుకొని, మాజీ ప్రధాని పీవీ నరసింహారావు ఊళ్లయిన లక్నేపల్లి, వంగర గ్రామాలు చూపించి సాయంత్రానికి ఇంటి దగ్గర దింపే ఒక ప్రైవేటు యాత్రా సేవను కిందటి నెలలో నేను, నా మనుమడు వినియోగించుకున్నాము. మనిషికి 1,400 రూపాయలు తీసుకున్నారు. బండి కిరాయి, మధ్యాహ్న భోజనం, వెంట ఉండి వివరించే యువకుడి రుసుము అన్నీ అందులోనే. ఏడుగురు పట్టే బండిలో ఐదుగురమే ఉన్నాము కనుక ఇరుకు లేదు. చెప్పిన ఆరున్నరకే బండి గడప ముందుకు వచ్చింది, డ్రైవరు ఎక్కడా తొందరపడలేదు. ముల్కనూరు దగ్గర పెట్టించిన జొన్నరొట్టె, పచ్చిపులుసు భోజనం గురించి నా మనుమడు ఇప్పటికీ చెబుతున్నాడు. ఇంతవరకు ఇచ్చిన పైసలకు న్యాయం జరిగినట్లే. నా అభ్యంతరమంతా దారి పొడవునా వినిపించిన కథ గురించి.

ముందుగా నర్సంపేట దిక్కు వెళ్లి లక్నేపల్లి చూపించారు. పాములపర్తి వెంకట నరసింహారావు 1921 జూన్ 28న ఇక్కడ పుట్టారని, వంగరలోని కుటుంబానికి దత్తత వెళ్లారని, ఉస్మానియాలో వందేమాతరం పాడినందుకు బహిష్కరణకు గురై నాగపూరుకు వెళ్లి చదువుకున్నారని ఆ యువకుడు చక్కగా చెప్పాడు. గొంతు బాగుంది, ఉచ్చారణ ఇంకా బాగుంది. తిరుగు దారిలో మళ్లీ హనుమకొండ మీదుగానే ఎల్కతుర్తి వైపు మళ్లేసరికి కథ ఒక్కసారిగా 1957 నుంచి 1991కి దూకింది. “మధ్యలో రాష్ట్ర మంత్రిగా, ముఖ్యమంత్రిగా కూడా చేశారు సార్” అన్న ఒక్క వాక్యంతో 1957 నుంచి 1973 దాకా పదహారేళ్లు అయిపోయాయి. ఆ తర్వాత ఆర్థిక సంస్కరణల గురించి ముల్కనూరు వచ్చేదాకా చెప్పాడు. దేశమంతటికీ తెలిసిన ఆ సంగతిని తెలుసుకోవడానికి వంగర దాకా రానక్కరలేదు కదా. ఈ నేలకు దగ్గరి సంబంధం ఉన్నది ఆ వదిలేసిన కాలానికే.

మంథని నుంచి 1957, 1962, 1967, 1972 ఎన్నికల్లో వరుసగా నెగ్గి, 1977 దాకా ఆయన శాసనసభ్యుడిగా ఉన్నారు. 1962లో న్యాయ, సమాచార శాఖలతో మంత్రివర్గంలోకి వచ్చారు; 1964 నుంచి 1967 దాకా న్యాయ శాఖతో పాటు దేవాదాయ శాఖను చూశారు; 1967లో వైద్య ఆరోగ్య శాఖ, 1968 నుంచి 1971 దాకా విద్యాశాఖ ఆయనకు దక్కాయి. ఆంధ్ర ప్రాంతానికొక చట్టం, తెలంగాణకొక పద్ధతి అన్నట్లున్న ఆలయాల నిర్వహణను ఒకే చట్రంలోకి తెచ్చిన 1966 నాటి దేవాదాయ చట్టం ఆయన ఆ శాఖలో ఉన్నప్పుడే వచ్చింది. మా బండి ఉదయం బయలుదేరింది భద్రకాళి గుడి మీదుగానే. అక్కడ ఒక్క నిమిషం ఆగి ఈ ముక్క చెబితే, గుడిలో మనం చూసే కార్యనిర్వహణాధికారికీ ఈ మనిషికీ ఉన్న లంకె వినేవారికి వెంటనే తెలిసేది.

విద్యాశాఖ కాలం మరీ ముఖ్యమైనది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీకి ఆయనే అధ్యక్షుడు. ఇంటరులోనూ డిగ్రీలోనూ తెలుగు మాధ్యమంలో చదివిన మా తరం వారి చేతుల్లో ఆ అకాడమీ పుస్తకాలే ఉండేవి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో కళాశాలలు మూతపడి, విద్యార్థులు వీధుల్లో ఉన్న రోజుల్లో విద్యామంత్రి తెలంగాణవాడే కావడం ఎంత ఇరకాటమో ఊహించుకోవచ్చు. 1971 సెప్టెంబరు చివరన ముఖ్యమంత్రి అయిన తర్వాత ఆ ఏడాదే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది; 1980లలో కేంద్రంలో మానవ వనరుల శాఖను చూస్తూ నవోదయ విద్యాలయాలను తలపెట్టినప్పుడు ఆయన ముందు ఈ అనుభవం ఉంది. ఇక భూపరిమితి చట్టం సంగతి వంగరలో నిలబడి చెప్పకపోతే మరెక్కడ చెబుతారు? భూములున్న కుటుంబం నుంచి వచ్చిన మనిషే ఆ పని తలకెత్తుకున్నారు. 1972 అక్టోబరులో తెలంగాణలో కొలువులు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పడం, ఆ వెంటనే ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోరే జై ఆంధ్ర ఉద్యమం లేవడం, 1973 జనవరిలో పదవి పోయి రాష్ట్రపతి పాలన రావడం, ఇవన్నీ పదిహేను నెలల పైచిలుకు కాలంలో జరిగిపోయాయి. నా దృష్టిలో ఆయన జీవితంలో అన్నిటికన్నా ఉత్కంఠ ఉన్న ఘట్టం ఇది. యాత్రలో దీనికి చోటు దొరకలేదు.

చేతికిచ్చిన రంగుల కరపత్రంలో ఒక తప్పు కూడా ఉంది. పీవీ హనుమకొండ ఎమ్మెల్యే అని అచ్చు వేశారు. హనుమకొండ నుంచి ఆయన నెగ్గింది లోక్‌సభకు, 1977లోనూ 1980లోనూ. 1984లో అక్కడే చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. శాసనసభ స్థానం ఎప్పుడూ మంథనే. ఆ మంథని ఈ యాత్రలో లేకపోవడమే పెద్ద లోటు. దూరమన్నది నిజమే, ఒకే రోజులో మూడు చోట్లూ తిరగడం కష్టమే. కానీ రెండు రోజుల యాత్రగా పెట్టి, గోదావరి ఒడ్డున రాత్రి బస చూపితే మరో రెండు వేలు ఇవ్వడానికి నా వంటివాళ్లు వెనకాడరు.

వంగర ఇంట్లో ఆయన వస్తువులు, ఛాయాచిత్రాలు చూడటానికి గంటన్నర సమయం ఇచ్చారు. ఇది సరిపోయింది, తొందరపెట్టలేదు. తిరిగి వచ్చేటప్పుడు నేను పైన రాసిన శాఖల వరుసను ఒక కాగితం మీద రాసి ఆ యువకుడికి ఇచ్చాను. చిన్నబుచ్చుకోకుండా తీసుకొని, దేవాదాయ చట్టం గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగాడు. అందుకే ఐదింటికి మూడు మార్కులు ఇవ్వాల్సిన చోట మూడున్నర ఇస్తున్నాను. వెళ్లదలచినవారు జయంతి రోజుల్లో వంగరలో సభలూ అధికారుల రాకపోకలూ ఉంటాయి కనుక జూన్ చివరి వారం తప్పించి, మరేదైనా పనిదినం చూసుకోండి.